మొలవని ధనియాలు

మా సందులోకి కొత్తగా వచ్చినవాళ్లు "లలితమ్మ మెస్సు ఎక్కడ?" అని ఎవరినీ అడగరు. సూరత్ పాండేసరలో గాలికి మిల్లుల రంగునీళ్ల వాసన ఎప్పుడూ ఉంటుంది. అయినా లలితమ్మ చారుకు పోపు పెట్టిందంటే దాని ముందు మిల్లుల వాసన తోక ముడవాల్సిందే. మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు ఆ పోపు వాసన పట్టుకుని నేరుగా వచ్చి గుమ్మం ముందు చెప్పులు విడుస్తారు.

నేను ఆ మెస్సు పైన, మొదటి అంతస్తులో ఉంటాను. పేరు ప్రమీల. చీరలకు లేసు కుట్టడం నా పని. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆరా తీయడం నా గుణం. మా ఆయన దేవదాస్ దాన్ని రోగం అంటాడు. అంటే అన్నాడు గాక! ఆ ఏడు లలితమ్మ తోటలో ధనియాలు ఎందుకు మొలవలేదో చివరికి తేల్చింది ఈ రోగమే.

లలితమ్మది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్లయిన ఏడే, మగ్గం నడిపే సాంబయ్య వెంట సూరత్ వచ్చింది. మొదట్లో కారఖానాలో బాబిన్లు చుట్టేది. అప్పుడు వాళ్ల ఊరివాళ్లు నలుగురు పక్క గదిలో ఉండి, పొద్దునా రాత్రీ కిచిడీ తప్ప ఇంకోటి వండుకునేవారు కాదు. ఒకనాడు ఇంట్లో మిగిలిన పచ్చిపులుసు వాళ్లకు పంపింది. మర్నాడు నలుగురూ గిన్నె కడిగి తెచ్చారు. దాంతోపాటు ఒక బియ్యం సంచీ కూడా తెచ్చి గుమ్మంలో దించారు. "అక్కా, ఇగ వంట మాతోని గాదు, నువ్వే వండు," అన్నారు. మెస్సు ఆమె పెట్టింది కాదు, తిన్నవాళ్లు పెట్టించింది.

ఆమె వంటలో ఒక విచిత్రం ఉంది. వండేటప్పుడు రుచి చూడదు. చారు కాసింత అరచేతిలో వేసుకుని చప్పరించి చూడటం మనందరికీ అలవాటే కదా. ఆమె దృష్టిలో అది ఎంగిలి. "పదిమందికి పెట్టే కుండ, ఎంగిలి జేస్తనా?" అంటుంది. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుందంటే, ఉడుకుతున్న గిన్నె మీదికి వంగి ఆవిరి పీలుస్తుంది. "జర తక్కువున్నది," అని ఇంకో చిటికెడు వేస్తుంది. ఉప్పుకు వాసనేమిటని నేను ఎన్నోసార్లు వాదించాను. వాదనలో నేనే గెలిచేదాన్ని, ఉప్పు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉండేది.

వంటింట్లో డబ్బాలన్నీ ఒక్కలాంటివే, స్టీలువి. దేని మీదా ఏ గుర్తూ ఉండదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, ఇది కాదని పక్కన పెడుతుంది, ఇంకోటి తీస్తుంది. డబ్బా వైపు చూడను కూడా చూడదు. ఒకసారి గోడలో ఎలుక చచ్చిందని అందరికంటే రెండు రోజుల ముందే చెప్పి, ఇంటి యజమానురాలు కాశీబాతో పోట్లాడి మరీ ఇటుక తీయించింది. ఎలుక ఉంది.

మెస్సులో తినేవాళ్లలో పరమేశ్వర్ అని ఒకడు. సిరిసిల్ల మనిషి. మగ్గం మీద చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. "పెద్దమ్మా, ఇయ్యాల పప్పుల ఎల్లిగడ్డ ఎక్కువైంది," "పెద్దమ్మా, చారుల ధనియాలు జర మాడినయి," అని రోజుకో వంక పెట్టేవాడు. లలితమ్మ గరిటె చూపించి, "తింటే తిను, లేకుంటే లే," అనేది. కానీ వడ్డించాక అందరికంటే ముందు వాడి ముఖమే చూసేది. వంక పెట్టేవాడికే రుచి తెలుస్తుందని ఆమె నమ్మకం.

అట్లాంటి రోజుల్లో కరోనా వచ్చిపడింది. మగ్గాలు ఆగిపోయాయి. చప్పుడుకు అలవాటుపడ్డ చెవులకు సందంతా పాడుబడ్డట్టు అనిపించింది. దొరికిన లారీ, దొరికిన రైలు ఎక్కి మనవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. లలితమ్మ పొయ్యి ఆరిపోయింది. వానలు వెనకబట్టాక కారఖానాలు తెరిచారు. సేట్లు బస్సులు పంపి మనుషులను తెప్పించుకున్నారు. పరమేశ్వరూ, వాళ్ల గదిలోవాళ్లూ ఒకే బస్సులో తిరిగొచ్చారు. హమ్మయ్య, దారిన పడ్డామనుకుంటుండగానే లలితమ్మకు ఒళ్లు వెచ్చబడింది. నడుము పట్టిందని అందరికీ చెప్పి కొన్నాళ్లు మెస్సు మూసింది. జ్వరం తేలిగ్గానే పోయింది.

లేచిన రోజు పొద్దున పోపు పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి, జీలకర్ర ఎర్రబడింది, కరివేపాకు వేస్తే సుయ్యిమంది. వాసన రాలేదు. మూకుడు మీదికి ఇంకా వంగింది. రాలేదు. టీవీలో ఎవరో వండుతుంటే చూస్తున్నట్టు ఉందట ఆమెకు.

ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఆమెకూ సాంబయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను, కడుపులో దాచుకుని చెప్పడం నాకు చేతకాదు. ఆమెకు పట్టుకున్న భయం ఒక్కటే. వంటామెకు వాసన తెలియదని బయటికి పొక్కితే తినేవాళ్లు ఒక్కొక్కరే లేచిపోతారు. వాళ్లు పోతే మెస్సు పోతుంది. మెస్సు పోతే తానెవరు? మళ్లీ బాబిన్లు చుట్టుకునే లలితే కదా! పోనీ సాంబయ్యకు ముందుగా పళ్లెంలో వడ్డించి అడుగుదామా అంటే, ఆయన మావా, అంటే సున్నం కలిపిన పొగాకు వక్కలు, నమిలీ నమిలీ నాలుక ఎప్పుడో మొద్దుబారింది. ఏది పెట్టినా "మంచిగున్నది" అంటాడు. గడ్డి పెట్టినా అదే మాట.

పక్కనే ఉన్న ఆల్థాన్‌లో విజేత అని తెలుగు డాక్టరమ్మ ఉంటుంది. సాంబయ్య ఆమెకు ఫోన్ చేశాడు. "కొందరికి తొందరగా వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది. ఘాటైన వాసనలు రోజూ పొద్దున పీల్చి చూడమనండి. అది ఇదివరకు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి," అని ఆమె చెప్పింది. లలితమ్మ అంగడి నుంచి కొత్తిమీర కట్ట తెప్పించి నలిపి చూసింది. ఏమీ రాలేదు. తప్పు ఆకుదా, ముక్కుదా? నీళ్లు చల్లి చల్లి నిలవబెట్టిన కట్టకు అసలు వాసన మిగిలి ఉందో లేదో ఎవరికి తెలుసు? తన కళ్ల ముందు మొలిచిన ఆకయితే ఆ అనుమానం ఉండదు. తోట పుట్టింది అందుకు.

మాతో మాత్రం కూరగాయలు పిరమైనాయని, కొనే బదులు పండిస్తానని చెప్పింది. దసరా దాటి ఎండ చల్లబడగానే డాబా మీద పని మొదలుపెట్టింది. పగిలిన బకెట్లు, చేపల థర్మోకోల్ పెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు పరిచిన నూలు అట్టపెట్టెలు, ఒక పాత పిల్లల తొట్టి కూడా పైకెక్కాయి. సాంబయ్య పశువుల తబేలా నుంచి పెంట మోసుకొచ్చాడు. మిల్లు నుంచి రంగు డ్రమ్ములు తెస్తానంటే నేనే అరిచాను. నీలం గోబీ తినమంటావా మమ్మల్ని అని. ఒకదాంట్లో మెంతులు, ఒకదాంట్లో ముల్లంగి, ఇంకోదాంట్లో పాలకూర చల్లింది. గోబీ, టమాట నారు తెచ్చి నాటింది. కాశీబా ఎల్లిగడ్డ రెబ్బలు ఇచ్చి, గడ్డ ఊరేదాకా ఆగవద్దు, చలికాలంలో పచ్చి ఆకుతోనే కోసి వండాలని చెప్పింది. సూరతీలకు చలికాలమంటే ఆ పచ్చి ఎల్లి ఆకే. అన్నిటికంటే మంచి పెట్టె, ఎండ బాగా తగిలే చోట, కొత్తిమీరకు కేటాయించారు. లలితమ్మ తన డబ్బాలోంచి గుప్పెడు ధనియాలు తెచ్చి, చెంబు అడుగుతో నలిపి రెండు బద్దలు చేసి, మట్టిలో చల్లి, పైన పలుచగా మట్టి కప్పింది.

నేను ఊరుకుంటానా! రోజూ లేసు కట్ట చంకన పెట్టుకుని డాబా ఎక్కేదాన్ని. మెంతులు మూడో రోజుకే తలలెత్తాయి. తర్వాత ముల్లంగి వచ్చింది. పాలకూర నింపాదిగా వచ్చింది. లలితమ్మ లేత మెంతి ఆకు తుంచి, వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని అట్లాగే నిలబడేది. టమాట ఆకుతోనూ అంతే. దేవుడి తీర్థం తీసుకున్నంత భక్తి!

"ఏందక్కా, ఆకులతోని ముచ్చట పెడుతున్నవా?" అన్నాను.

"పురుగున్నదేమో చూస్తున్న."

"కండ్లు మూసుకోనా?"

"నీ పని నువ్వు చూస్కోరాదే!"

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. నేను అప్పటికి నోరు మూసుకున్నాను గానీ, మనసులో ఆ ప్రశ్న అట్లాగే ఉండిపోయింది.

ఇంకో ప్రశ్న కొత్తిమీర పెట్టెది. ధనియాలకు ఓపిక కావాలి, మెంతుల్లా ఉరికిరావు. సరే, ఓపిక పట్టాం. పక్క పెట్టెలో మెంతికూర ఒకసారి కోసి, పప్పులో వేసుకుని, మళ్లీ చిగురు కూడా వచ్చింది. కొత్తిమీర పెట్టె మాత్రం తుడిచిన అరుగులా ఉంది. లలితమ్మ ఇంకో గుప్పెడు చల్లింది. మళ్లీ అదే వరస.

ఇక చూడండి, సందులో ప్రతివాళ్లూ పండితులే. నేను, ధనియాలు సరిగ్గా బద్దలు కాలేదన్నాను. ఈసారి చపాతీ కర్రతో నలిపింది. మొలవలేదు. సాంబయ్య, పావురాలు తింటున్నాయన్నాడు. మిల్లు నుంచి చీర తుండు తెచ్చి పెట్టె మీద కప్పాడు. అది చాలక, సెలవు రోజుల్లో కర్ర పట్టుకుని పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పావురాలు ఆయనకు అలవాటుపడి కర్ర మీదే వాలేవి. మా ఆయన, మంగళవారం చల్లారు, అందుకే అన్నాడు. శుక్రవారం చల్లింది. మొలవలేదు. కాశీబా మెట్లెక్కలేక కిందినుంచే అరిచేది, "అరే లలితాబేన్, ధాణా హజీ ఉగ్యా నథీ?" అని. ఇంకా మొలవలేదా అని ఆమె అడిగినప్పుడల్లా లలితమ్మ ముఖం చిన్నబోయేది. ధనియాలు నానబెట్టి చూసింది, మట్టి మార్చింది, పెట్టె నీడకు జరిపింది, మళ్లీ ఎండకు జరిపింది. ఎన్ని చేసినా ఒక్క మొలక లేదు.

ఒక చిన్న కూర ఆకు కోసం ఆమె అంత బాధపడటం నాకు అంతుపట్టలేదు. కింద మెస్సులో కూడా ఏదో తేడా కనిపించింది. అందరూ తిని లేచాక, పళ్లేలలో ఎవరు ఎంత వదిలేశారో వంగి వంగి చూసేది. అంతకంటే వింత పరమేశ్వర్. ఊరినుంచి తిరిగొచ్చాక ఒక్క వంక పెట్టలేదు. పెట్టింది తిని, పళ్లెం కడిగి, పోయేవాడు. "ఏం పరమేశా, ఎట్లున్నది?" అని లలితమ్మే అడిగేది. "మంచిగున్నది పెద్దమ్మా," అనేవాడు నేల చూపులు చూస్తూ. ఆ మాట వినగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. వాడు తన వంట మీద ఆశ వదులుకున్నాడని, మొహమాటానికి తింటున్నాడని ఆమె అనుకుంది.

చలి బాగా ముదిరిన రోజుల్లో, కారఖానాలకు సెలవున్న ఒక మధ్యాహ్నం, పరమేశ్వర్ ఉతికిన బట్టలు ఆరేయడానికి మా డాబా మీదికి వచ్చాడు. సాంబయ్య కర్రతో కాపలా ఉన్నాడు. నేను లేసు కుడుతున్నాను. లలితమ్మ ఆ ఖాళీ పెట్టె ముందు గొంతుక్కూర్చుని మట్టి కెలుకుతోంది. పరమేశ్వర్ బట్టలు ఆరేసి వచ్చి, కాసేపు చూసి, అడిగాడు.

"పెద్దమ్మా, గిది ఎన్నోసారి చల్లుడు?"

"లెక్కవెట్టుడు బంద్ చేసిన బిడ్డా."

"మట్టి మార్చినవు, జాగ మార్చినవు, వారం గూడ మార్చినవట. గింజ మార్చినవా?"

"గింజకేమైంది? ఇంట్ల డబ్బల ఉండంగ బయట కొనుడెందుకు?"

పరమేశ్వర్ నవ్వాడు. "బట్ట మంచిగ రాకుంటే ఊకె మగ్గాన్ని తిడితె ఏమొస్తది పెద్దమ్మా? ముందుగాల నూలు చూడాలె. జర గా డబ్బ తెప్పియ్యి."

ఆ మాట నిజమేననిపించింది. నేనే కిందికి పరుగెత్తి, లలితమ్మ చెప్పినట్టు పై అరలో కుడిపక్క డబ్బా తెచ్చాను. మెట్లు ఎక్కుతూనే, నా గుణం ఊరుకోదు కదా, మూత తీశాను. గుప్పున వాసన కొట్టింది.

"అక్కా, ఇవి ఏంచినయి గదా!" అన్నాను డాబా మీద కాలు పెడుతూనే.

"కావే. గవి పచ్చియే. కుడిదిక్కుయి పచ్చియి, ఎడమదిక్కుయి పొడికి ఏంచినయి."

"అయ్యో, మూత తీస్తనే కమ్మటి వాసన గొడుతుంటె పచ్చియంటవేంది? నువ్వు గూడ చూడు!" అని డబ్బా ఆమె ముక్కు కింద పెట్టాను.

ఆమె పీల్చలేదు. నా ముఖం వైపు చూసింది. సాంబయ్య చేతిలో కర్ర నేలకు వాలింది. "దసరాకు సున్నమేసినప్పుడు డబ్బలన్ని నేనే దించిన," అన్నాడు మెల్లగా. "ఏది ఏడ వెట్టిన్నో... నువ్వే చూసుకుంటవనుకున్న."

రంగు చూస్తే తెలియదా అంటారేమో. ఆమె ధనియాలను ఎర్రగా వేయించదు, దోరగా వెచ్చబెడుతుంది, అంతే. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కంటికి తేడా దొరకదు. కానీ ఆమెకు కంటితో పనెప్పుడు పడింది? మూత తీస్తే ముక్కు చెప్పేది. ఆ ముక్కు చెప్పలేదంటే... ఆకులు నలిపి కళ్లు మూసుకోవడం, పళ్లేలలోకి వంగి చూడటం, ఆ నడుము నొప్పి, అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. అంతా అర్థమయ్యాక గానీ, ఎవరి ముందు అరిచానో గుర్తు రాలేదు. మెస్సులో తినేవాళ్లలోకెల్లా నోరు గల పరమేశ్వర్ ముందు!

లలితమ్మ మట్టి చేతులతోనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "అవు, నాకు వాసన లేదు," అంది లోపలినుంచి. "జరమొచ్చినప్పటి నుంచి లేదు. రెండు మూడు నెలలాయె గుడ్డిదాని లెక్క వండవడితి. పోయి చెప్పుకోండ్రి అందరికి. ఇంకో మెస్సు చూస్కోండ్రి."

పరమేశ్వర్ దగ్గరికి వచ్చాడు. నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. ముక్కు దాదాపు లోపల పెట్టి గట్టిగా పీల్చాడు. తలెత్తాడు. మళ్లీ పీల్చాడు.

"నాకు గూడ ఏం తెలుస్తలేదు పెద్దమ్మా," అన్నాడు.

కొంగు తొలగింది. "ఏంది?"

"బస్సు దిగిన వారానికే అందరం జరాలతోని పడ్డం. వాసన పోయింది. మా రూముల అందరికి గంతే. బయట తెలిస్తె రూముకు తాళమేస్తరని, సేటు పనిల నుంచి తీస్తడని, నువ్వు అన్నం పెట్టవని... ఎవ్వరికి చెప్పలే."

"మరి మంచిగున్నది, మంచిగున్నది అంటివి గద రోజు?"

"ఉడుకుగ ఉండె పెద్దమ్మా. గదొక్కటే ఎరుక నాకు."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అట్లా ఉంది ఇద్దరి పని! ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే తేలు. నాకు నవ్వు ఆగలేదు. లలితమ్మకు మాత్రం కోపం నషాళానికెక్కింది. "ఓరి మీ పాడుగాను! ఉప్పెక్కువైందో తక్కువైందో అని నేను నిద్రలేక సస్తుంటె, మీకు రుచే తెల్వదారా? సున్నం కలిపి పెట్టినా తినేటోళ్లేనా? గీ మొద్దు మొగాలకేనా నేను భయపడ్డది?" అని మట్టిపెళ్ల తీసి వాడి మీదికి విసిరింది. అది పోయి సాంబయ్యకు తగిలింది. ఆ తర్వాత ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఆ సాయంత్రమే ఎడమపక్క డబ్బాలోంచి పచ్చి ధనియాలు తీసి చల్లాం. నేను ఎర్ర లేసు ముక్క ఒకటి కత్తిరించి ఆ పచ్చివాటి డబ్బాకు కట్టాను, మళ్లీ తారుమారు కాకుండా. లలితమ్మ ఆ లేసు వైపు ఇష్టంలేనట్టు చూసింది గానీ, విప్పలేదు.

నా ముక్కుకు మాత్రం అప్పటినుంచి చాకిరీ మొదలైంది. పోపు పెట్టే వేళకు, "ఓ ప్రమీలా!" అని కేక. గిన్నె మీదికి వంగి పీల్చి చెప్పాలి. "కమ్మగుందక్కా," అంటే ఊరుకోదు. "కమ్మగుంటె సరేనే, ఉప్పు సరిపోయిందా?" అంటుంది. ఉప్పు వాసన నాకెక్కడ తెలుస్తుంది! రుచి చూసి చెబుతానంటే ఎంగిలి. "గదేం ముక్కే నీది, పుడక పెట్టుకునెతందుకే ఉన్నదా?" అని తిట్టేది. చేసిన సాయానికి అదీ నాకు దక్కిన మర్యాద.

ధనియాలు మొలిచాయి. ముందు రెండేసి సన్నటి ఆకులతో, తర్వాత అంచులు కత్తిరించినట్టుండే అసలు ఆకులతో, పెట్టె పచ్చబడింది. ఆ పొద్దు లలితమ్మ కిందికి వంగి, "కాశీబా, ఉగ్యా!" అని సందంతా వినపడేలా అరిచింది. కానీ ఇల్లలకగానే పండగ కాదు కదా. ఆకు నలిపి పీల్చింది. ఏమీ లేదు. ఈసారి ఆకును అనుమానించడానికి కూడా లేదు, కళ్ల ముందు పుట్టిన ఆకు.

ఇక రోజూ పొద్దున డాబా మీద అదొక పూజలా జరిగేది. డ్యూటీకి పోయే ముందు పరమేశ్వర్ గదివాళ్లంతా ఎక్కి వచ్చేవారు. తలా ఒక కొత్తిమీర ఆకు, తలా ఒక పచ్చి ఎల్లి ఆకు నలిపి, కళ్లు మూసుకుని పీల్చేవారు. పాండేసర డాబా మీద మగ్గం పని మగవాళ్లు వరుసగా నిలబడి ఆకులు వాసన చూడటం పక్క డాబావాళ్లకు ఎంత వింతో! ఉత్తరాయణానికి పతంగులు ఎగరేస్తూ పైనుంచి మమ్మల్ని చూసి ఇదేం మొక్కని అడిగారు. "మందు," అన్నాను నేను. మర్నాడు వాళ్లూ కొంచెం అడిగి పట్టుకెళ్లారు.

పతంగుల పండగ అయిన కొద్ది రోజులకు, మధ్యాహ్నం అన్నం కలుపుతూ పరమేశ్వర్ చెయ్యి ఆగింది. "పెద్దమ్మా," అన్నాడు, "ఇయ్యాల పోపు మాడింది."

అందరూ తలలెత్తారు. వాడు ఇంకో ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. "మాడింది పెద్దమ్మా! ఎల్లిగడ్డ నల్లగైంది!" అని పళ్లెం పట్టుకుని లేచి గంతులేశాడు. లలితమ్మ వాడి తల నిమిరి, ఇంకో గరిటె అన్నం వేసింది. అందరికీ వడ్డించి, వెనక వాకిట్లోకి పోయింది. నేను వెంట వెళ్లాను. తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది.

"వానికొచ్చింది. సంతోషమే. రేపు ఇంకోనికొస్తది," అంది. "వాళ్ల ముక్కులన్ని ఒక్కొక్కటి ఇంటికస్తున్నయి ప్రమీలా. నాదేడ వోయిందో. ఇన్నొద్దులు తెల్వక తిన్నరు. ఇగ తెలిసి ఎన్నొద్దులు తింటరు?"

 నేను పోయి ఆమె పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

ఆమె అన్నట్టే అయింది. ఒక్కొక్కరికే వాసన తిరిగొచ్చింది. ఎవరూ మెస్సు మానలేదు, నిజమే. కానీ పప్పులో ఉప్పు ఎక్కువైతే ముఖాలు చూసుకుని మింగేవారు. అది ఆమెకు వంకలకంటే ఎక్కువ గుచ్చుకునేది. పరమేశ్వర్ కూడా మళ్లీ నోరు కట్టేసుకున్నాడు, ఈసారి జాలితో. "జాలివడి తినే కూడు నేను పెట్ట," అంది లలితమ్మ ఒకరోజు. "శివరాత్రి దాకా చూస్త. గప్పటికి రాకుంటె గరిటె నీ చేతుల పెడ్త, మెస్సు నువ్వే నడుపుకో." నేను వద్దన్నాను. సాంబయ్య మావా కూడా నమలకుండా కూర్చున్నాడు. 

చలి తగ్గుతూ వచ్చింది. గోబీలు కోసుకున్నాం, పిడికెడంత గోబీలే అయినా మావే. పాలకూర కాడలు ముదిరాయి. కొత్తిమీర పొడుగ్గా సాగి తెల్లటి పూత పట్టింది. ఎండ ముదిరితే డాబా మీద పచ్చన ఏదీ నిలవదు. లలితమ్మ ఇంకా రోజూ పొద్దున ఆకు నలుపుతూనే ఉంది, కానీ కళ్లు మూసుకోవడం మానేసింది.

శివరాత్రికి ఇంకా కొద్ది రోజులుందనగా, ఒక పూట ఆఖరి ముల్లంగులు పీకడానికి ఇద్దరం పైకెక్కాం. నేను ముల్లంగి పీకుతూ, కాశీబా కోడలి సంగతి మొదలుపెట్టాను. ఆ సంగతి చిన్నది కాదు. ఇంకా సగంలో ఉన్నాను. లలితమ్మ వంగినదల్లా లేచి నిలబడింది.

"ప్రమీలా, జర నోరు మూయి."

"ఏమైందక్కా?"

"మాడుతున్నది."

నేను పీల్చి చూశాను. ఏమీ తెలియలేదు. "ఏం మాడుతున్నది? నాకేం వస్తలేదు."

ఆమె కళ్లు మూసుకుంది. మెడ చాచి, ముఖం మెట్ల వైపు తిప్పింది.  "నువ్వులు," అంది. "నువ్వులు మాడుతున్నయే. ఎవరో నువ్వులు ఏంచవెట్టి..."

అమ్మో! నేనే! వంకాయ కూరలోకి నువ్వులు మూకుట్లో వేసి, ముల్లంగి తెస్తానని పైకి వచ్చాను. పరుగున దిగాను. గది నిండా పొగ. మూకుడులో నువ్వులు బొగ్గయ్యాయి. పొయ్యి ఆర్పి, మూకుడు పట్టకారుతో పట్టుకుని, మళ్లీ అదే పరుగున పైకెక్కి ఆమె ముందు పెట్టాను.  

లలితమ్మ ఆ నల్లటి మూకుడు మీదికి వంగి, చారు గిన్నె మీదికి వంగినట్టే, గుండెల నిండా పీల్చింది. పొగకు దగ్గింది, కళ్లలో నీళ్లు కారాయి. మళ్లీ వంగింది. "నువ్వులే," అంది. "నువ్వులేనే ప్రమీలా!" నేను ఆమెను కావలించుకుని ఏడ్చేశాను. సిగ్గేముంది, గట్టిగానే ఏడ్చాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. వెంటనే గొంతు మారింది. "నువ్వుల్ని గింత మంట మీద పెట్టి ఎవరన్న ఊరు మీద పోతరా? వండొచ్చిన ఆడిదానివేనా నువ్వు? సన్న సెగ మీద, పక్కన నిలవడి ఏంచాలె. పదిమందికి పెట్టే గరిటె నీ చేతుల పెడ్తనంటిని, నా తెలివి మండ!"

ఇన్ని నెలల్లో అంత కమ్మటి తిట్టు నేను వినలేదు.

కొత్తిమీర ఆకు కూడా నలిపి చూసింది. "దూరంగ ఉన్నది, గని ఉన్నది," అంది. పూతపట్టిన కాడలతో సహా ఒక పెద్ద గుప్పెడు కోసుకుని కిందికి దిగింది. నేను వెనకే వెళ్లాను. వంటింట్లో పై అర ముందు నిలబడి రెండు ధనియాల డబ్బాలూ దించింది. ఒకదాని మూత తీసి పీల్చింది. పక్కన పెట్టింది. రెండోదాని మూత తీసి పీల్చింది. కాసేపు ఆగి మళ్లీ మొదటిది తీసింది. తర్వాత పచ్చివాటి డబ్బాకు నేను కట్టిన ఎర్ర లేసు ముక్క ముడి విప్పి నా చేతిలో పెట్టింది.

"ఇది నీ చీరలకు పనికొస్తది, తీస్కపో," అంది.

నేను లేసు ముక్క తీసుకుని, మాడిన మూకుడు తోముకోవడానికి పైకి వెళ్లాను.